దక్షిణ అమెరికాలో చిన్న లగ్జరీ హోటల్: గది నంబరు దాకా చూసి ఎంచుకోవడం ఎలా?

పెరూలోని కుస్కో ఊళ్లో నసరేనాస్ అనే చిన్న కూడలి ఉంది. దాని మీదే రెండు పేరున్న హోటళ్లున్నాయి. ఒకటి 1592 నాటి సెమినరీ భవనంలో నడిచే మొనాస్టెరియో, వందకు పైగా గదులు. రెండోది ఇంకాటెర్రా లా కసోనా, మొత్తం 11 సూట్లు. రెండూ ఖరీదైనవే, రెండూ పాత రాతి కట్టడాలే. మొదటిదాంట్లో మీకిచ్చిన గది నచ్చకపోతే ఇంకో గది చూపిస్తారు. రెండోదాంట్లో చూపించడానికి ఇంకో గది ఉండకపోవచ్చు.

బొటిక్ హోటల్, అంటే చిన్న లగ్జరీ హోటల్‌తో వచ్చే సుఖం, చిక్కు రెండూ ఇక్కడే ఉన్నాయి. పది పన్నెండు గదుల చోట పేరు పెట్టి పలకరిస్తారు, అడిగింది వండిపెడతారు. కానీ పాత ఇళ్లలో ఏ రెండు గదులూ ఒకలా ఉండవు. ఒకే ధరకు ఒకరికి కొండ కనిపించే కిటికీ దక్కితే, ఇంకొకరికి వంటింటి గోడ దక్కుతుంది. కాబట్టి హోటల్ ఎంచుకోవడంతో సగం పనే అయినట్టు. గది కూడా ఎంచుకున్నాకే డబ్బు కట్టాలి.

ఇంకో మాట. బొటిక్ అనే పేరుకు ఎక్కడా లెక్కా పత్రం లేదు, ఎనభై గదుల హోటలూ ఆ బోర్డు పెట్టుకోవచ్చు. వెబ్‌సైట్లో మొదట చూడాల్సింది గదుల సంఖ్య. 10 నుంచి 35 మధ్య ఉంటే కింద చెప్పే పద్ధతి పనికొస్తుంది. ఈక్వడార్ రాజధాని కీటోలోని కాసా గంగోటెనా (31 గదులు), పెరూలో టిటికాకా సరస్సు ఒడ్డున టిటిలాకా (18), ఈక్వడార్‌కు చెందిన గాలపగోస్ దీవుల్లో పికాయా లాడ్జ్ (14), చిలీ, అర్జెంటీనాల దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో అవాసీ (14 విల్లాలు) ఈ కోవలోవే.

1. ముందు క్యాలెండరు, తర్వాతే హోటల్

భూమధ్యరేఖకు దక్షిణాన రుతువులు మనకు తలకిందులు. మన పిల్లల సెలవులతో కలిపి చూస్తే లెక్క ఇలా తేలుతుంది.

ఏప్రిల్ చివర్నుంచి జూన్ రెండో వారం దాకా ఉండే ఎండాకాలం సెలవులు పెరూకి చక్కగా కుదురుతాయి. మే నెలకి వానలు వెనకబడతాయి, కొండలు ఇంకా పచ్చగానే ఉంటాయి, జూన్ రద్దీ మొదలవదు. చిలీలోని అటకామా ఎడారి కూడా బాగుంటుంది. పటగోనియా మాత్రం వద్దు. మే నుంచి సెప్టెంబరు మధ్య అక్కడ చాలా లాడ్జీలు మూసేస్తారు. దసరా సెలవులకు అవి అప్పుడప్పుడే తెరుచుకుంటాయి, పెరూలో వానలు ఇంకా ముదరవు. రెండూ కలిపి చూడాలంటే అక్టోబరే సరైన నెల. సంక్రాంతికి వెళ్తే పటగోనియా నిండు సీజన్‌లో ఉంటుంది, కుస్కోలో జోరువానలు. మాచు పిచ్చు అనే పాత కొండ నగరానికి నడిచివెళ్లే ‘ఇంకా ట్రెయిల్’ దారి ఫిబ్రవరి నెలంతా మూసే ఉంటుంది.

పండగలు ధరను ఎగరేస్తాయి. జూన్ 24న కుస్కోలో ఇంతీ రైమీ అనే సూర్యుడి పండగ, మార్చి మొదట్లో అర్జెంటీనాలోని మెండోసాలో ద్రాక్ష కోతల పండగ, రియోలో కార్నివాల్, డిసెంబరు 31. రియోలో ఆ రోజుల్లో ఒక్క రాత్రికి గది ఇవ్వరు, నాలుగైదు రాత్రులు కలిపి తీసుకోమంటారు.

లిమాలో ఇంకో తిరకాసు. ఇంచుమించు జూన్ నుంచి అక్టోబరు దాకా సముద్రం మీంచి గరూవా అనే మంచు తుంపర కమ్మేసి ఉంటుంది. ఆ నెలల్లో సముద్రం కనిపించే గదికి అదనంగా కట్టిన డబ్బుకు కిటికీలో తెల్లటి పొగమంచు తప్ప మరేం కనిపించదు. తోట వైపు గది తీసుకుని మిగిలిన డబ్బుతో మంచి భోజనం చేయండి.

2. ఎత్తును బట్టి రాత్రుల వరుస

మనం చల్లటి కొండ ఊరు అనుకునే అరకు వెయ్యి మీటర్లు కూడా ఉండదు. కుస్కో 3,400 మీటర్లు, పూనో, టిటికాకా ప్రాంతం 3,800, బొలీవియాలోని లా పాజ్ 3,600 పైన, కీటో 2,850, కొలంబియా రాజధాని బొగొటా 2,640. కుస్కోలో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. విమానం దిగిన రోజే అక్కడ పడుకుంటే తలనొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం మామూలే. ఎంత ఖరీదైన పరుపు వేసినా ఆ రాత్రి వృథా.

చాలామంది చేసే పొరపాటు కుస్కోలో మొదటి మూడు రాత్రులు పెట్టుకోవడం. వరుస తిరగేయండి. కుస్కో విమానాశ్రయం నుంచి తిన్నగా పవిత్ర లోయకు (సేక్రెడ్ వ్యాలీ) దిగిపోవాలి, దాదాపు గంటన్నర ప్రయాణం. ఉరుబంబా, ఒయ్యాంటాయ్‌టాంబో ఊళ్లు 2,800–2,900 మీటర్ల దగ్గరుంటాయి. దారిలో చించేరో దగ్గర 3,700 మీటర్లు దాటాల్సి వస్తుంది గానీ అది కాసేపే. అసలు లెక్క ఎక్కడ పడుకుంటున్నారన్నదే. లోయలో రెండు రాత్రులు, మాచు పిచ్చు కింది ఊరు ఆగ్వాస్ కాలియెంతేస్‌లో (సుమారు 2,000 మీటర్లు) ఒక రాత్రి, చివర్లో కుస్కోలో రెండు రాత్రులు. అప్పటికి ఒళ్లు అలవాటు పడుతుంది, కుస్కో హోటల్‌కు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఎత్తులో ఉన్న హోటల్‌ని రెండు అడగండి: ఆక్సిజన్ సిలిండరు రాత్రిపూట కూడా అందుబాటులో ఉంటుందా, డాక్టరు హోటల్‌కే వస్తారా. మొనాస్టెరియోలో కొన్ని గదుల్లోకి అదనపు ఆక్సిజన్ పంపే ఏర్పాటే ఉంది. గుండె జబ్బో ఉబ్బసమో ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఇలాంటి చోటుకే ఎక్కువ ఇవ్వడం నయం. వాళ్లు బయల్దేరే ముందు మన దగ్గరే డాక్టరుకు చూపించుకోవాలి. రిసెప్షన్‌లో కోకా ఆకుల టీ ఇస్తారు, తాగొచ్చు. ఆ ఆకుల్ని సూట్‌కేసులో వేసుకుని అమెరికాలో దిగితే మాత్రం కస్టమ్స్ వాళ్ల దగ్గర ఇరుక్కుంటారు.

3. డబ్బు ఎక్కడ కుమ్మరించాలి, ఎక్కడ పొదుపు చేయాలి

అన్ని రాత్రులకూ ఒకే స్థాయి హోటల్ తీసుకోవడం అనవసరం. హోటలే యాత్రగా మారే చోట్లు మూడు: అటకామా, పటగోనియా, అమెజాన్. అక్కడ గదితో పాటు తిండి, గైడు, వాహనం, రోజువారీ విహారాలు కలిపి ఇస్తారు. అవాసీ లాంటి లాడ్జీల్లో ప్రతి గదికీ సొంత గైడు, సొంత వాహనం ఉంటాయి. కాబట్టి ధర చూసి బెదిరే ముందు విడివిడిగా కూడండి: అటకామా అయితే కలామా విమానాశ్రయం నుంచి లాడ్జీలుండే శాన్ పెద్రోకు వంద కిలోమీటర్లు వచ్చీ పోయే బండి, రోజుకు రెండు విహారాలు, మూడు పూటల భోజనం. ఇవన్నీ తీసేస్తే గది అసలు ధర బయటపడుతుంది. ధర గదికా, మనిషికా అన్నది మరోసారి చూసుకోండి. లాడ్జీలు ఎక్కువగా మనిషి లెక్కనే చెబుతాయి. ఆ ఒక్క మాట గమనించకపోతే బడ్జెట్ రెండింతలవుతుంది.

ఇలాంటి చోట రెండు రాత్రులు తక్కువ, మూడు కనీసం, నాలుగు సుఖం. అటకామాలోని ఎల్ తాతియో వేడినీటి ఊటలు 4,300 మీటర్ల ఎత్తులో ఉంటాయి, తెల్లవారుజామునే బయల్దేరాలి. వచ్చిన మర్నాడే అక్కడికి తీసుకెళ్లే లాడ్జీ కంటే మూడో రోజుకు పెట్టే లాడ్జీ మంచిది. మొదటి రోజు నుంచే ఎలా వరుస పెడతారో ముందే అడిగితే వాళ్ల పనితనం తెలుస్తుంది.

బ్యునోస్ ఐరిస్, శాంటియాగో, లిమా లాంటి నగరాల్లో పగలంతా బయటే తిరుగుతారు. అక్కడ మధ్యస్థాయి బొటిక్ చాలు. అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దులోని ఇగ్వాసు జలపాతం దగ్గర లెక్క వేరు. రెండు వైపులా పార్కు లోపల ఒక్కో హోటలే ఉంది, రెండూ పెద్దవే. పార్కు తెరవక ముందే జలపాతం చూడాలంటే చిన్న హోటల్ మోజు పక్కనపెట్టి బ్రెజిల్ వైపు హోటల్ దాస్ కాతరాతాస్ తీసుకోవడంలో తప్పులేదు.

4. వీధి చూడండి

మ్యాపులో వీధి దృశ్యం తెరిచి హోటల్ గుమ్మం దాకా నడవండి. టాక్సీ గుమ్మం ముందు ఆగుతుందా, మెట్లున్నాయా, ఎదురుగా బార్ ఉందా అన్నవి అక్కడే తేలిపోతాయి.

కుస్కోలో శాన్ బ్లాస్ పేట అందంగా ఉంటుంది గానీ నిటారు మెట్ల వీధులు. ఆ ఎత్తులో 23 కిలోల సూట్‌కేసుతో ఎక్కలేరు. చిలీలోని వాల్పరైసో కొండలదీ అదే తంతు. కొలంబియాలోని కార్తహేనా కోట గోడల లోపల పేవ్‌మెంట్ దాకా కుర్చీలు వేసే బార్లు, తెల్లారేదాకా పాటలు. హెత్సెమని పేటలో ఇంకా ఎక్కువ. లిమాలో బరాంకో బాగుంటుంది, అయితే శుక్ర శనివారాలు ఆ పేట నడిబొడ్డున ఉన్న పార్కుకు రెండు మూడు వీధుల అవతల ఉండాలి. రియోలో శాంతా తెరెజా కొండ మీద పాత బంగళాలు ముచ్చటగా ఉంటాయి, కానీ చీకటి పడ్డాక నడక వద్దు, ప్రతిసారీ టాక్సీయే.

బ్యునోస్ ఐరిస్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా ఊరికి 30 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎసైసాకు, దేశీయ విమానాలు ఎక్కువగా నది ఒడ్డున ఊళ్లోనే ఉన్న ఏరోపార్కేకు వస్తాయి. పటగోనియాకో మెండోసాకో పొద్దున్నే విమానం ఉంటే ఏరోపార్కేకు దగ్గర్లోని పలెర్మో పేటలో బస చేయడం తేలిక.

5. గది: అసలు పని ఇక్కడే

గోదావరి జిల్లాల మండువా లోగిలి తెలిసినవాళ్లకు కుస్కో, కీటో, కార్తహేనాల్లోని పాత కసోనాలు అర్థం కావడానికి ఎంతో సేపు పట్టదు. వీధి తలుపు, నడవ, ఆ తర్వాత ఆకాశం కనిపించే నడిమి వాకిలి, చుట్టూ గదులు. ఆ వాకిలిని పాతియో అంటారు. ఇక్కడ పై అంతస్తులోనూ చుట్టూరా చెక్క వసారా ఉంటుంది. మండువాలో మాట్లాడిన మాట ఇంట్లో అందరికీ ఎలా వినిపిస్తుందో ఇక్కడా అంతే.

కింది అంతస్తు గదులకు కిటికీ పాతియోలోకే తెరుచుకుంటుంది. ముందు నుంచి మనుషులు తిరుగుతుంటారు కాబట్టి రోజంతా పరదా వేసే ఉంచాలి, గది చీకటి. చాలా చోట్ల టిఫిను బల్లలు ఆ పాతియోలోనే వేస్తారు. మాచు పిచ్చు రైలుకు వెళ్లేవాళ్ల కోసం ఐదున్నరకే ప్లేట్లు, చెంచాల చప్పుడు మొదలవుతుంది. పైగా నెత్తిన చెక్క నేల, ఎవరు నడిచినా కిర్రుమంటుంది. పై అంతస్తులో వెలుతురు బాగుంటుంది, నెత్తిన అడుగులుండవు. లిఫ్టు మాత్రం ఉండదు. వీధి వైపు గదికి ముచ్చటైన చెక్క బాల్కనీ ఉంటుంది, కానీ కింద రాళ్లు పరిచిన సందులో టాక్సీ పోతే గోడ అదురుతుంది. జూన్‌లో కుస్కో ఊరేగింపుల బాణసంచా సరేసరి.

పెద్ద కసోనాల్లో వెనక ఇంకో చిన్న పాతియో ఉంటుంది, దాన్ని సెగుందో పాతియో అంటారు. అందులో పై అంతస్తు మూల గది అడగండి. వెలుతురు, నిశ్శబ్దం రెండూ దొరికేది ఎక్కువగా అక్కడే. అది వంటింటికి ఆనుకుని లేదని మాత్రం నిర్ధారించుకోండి.

తర్వాతది చలి. జూన్, జులైల్లో కుస్కోలో రాత్రి సున్నా డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. మీటరు మందం రాతి గోడలు ఒకసారి చల్లబడ్డాయంటే అంత తొందరగా వేడెక్కవు. హీటింగ్ ఉందంటే సరిపోదు, ఏ రకం అని అడగాలి. నేల కిందో గోడకో అమర్చినదైతే మంచిది. చిన్న కరెంటు హీటరు తెచ్చి పెడతామంటే పెద్ద గదికి అది చాలదు.

మంచం మాటకొస్తే, మాత్రిమోనియల్ అంటే ఇద్దరికి ఒకే మంచం. దోబ్లె అని రాస్తే ఒకటా రెండా అన్నది ఊరిని బట్టి మారుతుంది. పెరూలో రెండు ప్లాజాల మంచం అంటే వెడల్పు 135 సెంటీమీటర్లే. అందుకే సెంటీమీటర్లలో అడగండి. ఇబ్బంది లేకుండా పడుకోవాలంటే 160 కావాలి. ఇంతెరియోర్ అని రాసిన గదికి వీధి వైపు కిటికీ ఉండదు, ఒక్కోసారి అసలు కిటికీయే ఉండదు.

6. కట్టే ముందు ఒక మెయిల్

బుకింగ్ సైట్లో గది చూసినా, డబ్బు కట్టే ముందు హోటల్‌కు నేరుగా రాయండి. తేదీలు, ఎంతమంది, వయసులు చెప్పి అడగాల్సినవి:

– ఆ తేదీల్లో ఏ ఏ గదులు ఖాళీ, వాటి పేర్లు లేదా నంబర్లు, ఏ అంతస్తు, కిటికీ ఎటు?
– మంచం వెడల్పు ఎంత? హీటింగ్ లేదా ఏసీ ఏ రకం?
– గుమ్మం నుంచి గది దాకా ఎన్ని మెట్లు? సామాను ఎవరు తెస్తారు?
– హోటల్లోగానీ పక్కింట్లోగానీ కట్టడం పనులు జరుగుతున్నాయా?
– రాత్రి పన్నెండు తర్వాత రిసెప్షన్‌లో మనిషి ఉంటారా?
– పిల్లలను తీసుకుంటారా? చిన్న హోటళ్లు కొన్ని 8 లేదా 12 ఏళ్ల లోపువాళ్లను రానివ్వవు.
– మాచు పిచ్చు వెళ్లే రాత్రి పెద్ద సూట్‌కేసులు దాచిపెడతారా? రైల్లో చిన్న బ్యాగే అనుమతిస్తారు.

రెండు రోజుల్లో ప్రతి ప్రశ్నకూ విడిగా జవాబు వస్తే ఆ హోటల్‌ను నమ్మవచ్చు. అన్నిటికీ కలిపి మా గదులన్నీ అందమైనవే అని రాస్తే వదిలేయండి. గది నంబరు ఖాయం చేశాక అది బుకింగ్ పత్రంలో రాసి పంపమనండి. మాటగా చెప్పింది షిఫ్టు మారగానే మరిచిపోతారు.

రివ్యూల్లో ఐదు నక్షత్రాలవీ, ఒక్క నక్షత్రంవీ పక్కనపెట్టి మూడు నక్షత్రాలవి చదవండి, అదీ మీరు వెళ్లే నెలలో రాసినవి. స్పానిష్ రివ్యూల్లో నాలుగు మాటల కోసం వెతకండి: రూయిదో అంటే రొద, ఫ్రియో అంటే చలి, ఆగ్వా కాలియెంతె అంటే వేడినీళ్లు, ఓబ్రా అంటే కట్టడం పని. ఒకే ఫిర్యాదు ముగ్గురు రాస్తే అది నిజమే. రెలే ఎ షాటో వంటి హోటళ్ల సంఘాల్లో సభ్యత్వం ఉంటే సేవ బాగుంటుందని ధైర్యం. మీకు వచ్చే గది సంగతి దాన్నిబట్టి తెలియదు.

7. బిల్లు: కొన్నిచోట్ల ఆరో వంతు దాకా మిగులుతుంది

విదేశీ యాత్రికులకు బస మీద పన్ను మినహాయింపు చాలా దేశాల్లో ఉంది, షరతులు వేరు. పెరూలో 60 రోజుల లోపు ఉండే విదేశీయులకు 18 శాతం ఐజీవీ (మన జీఎస్టీ లాంటి పన్ను) పడదు. పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చిన నమోదు చూపించాలి. చిలీలో ఇలాంటిదే అయిన 19 శాతం ఐవా పన్ను తప్పాలంటే డాలర్లలో కట్టాలి, పెసోల్లో కడితే పన్ను పడుతుంది. అర్జెంటీనాలో 21 శాతం మినహాయింపుకు విదేశీ కార్డుతోగానీ విదేశం నుంచి బ్యాంకు ద్వారాగానీ కట్టాలి, నగదైతే వర్తించదు. కొలంబియాలో అక్కడ నివాసం లేని విదేశీ యాత్రికులకు 19 శాతం ఉండదు.

లెక్క చూడండి. లిమాలో రాత్రికి 400 డాలర్లు, పన్నులు అదనం అని రాశారనుకుందాం. 18 శాతం అంటే 72, సర్వీసు 10 శాతం అంటే 40, మొత్తం 512. మినహాయింపుతో 440. మూడు రాత్రులకు 216 డాలర్ల తేడా. బుకింగ్ సైటు కొన్నిసార్లు పన్ను కలిపిన ధరే వసూలు చేస్తుంది, తర్వాత హోటల్ వాళ్లు వెనక్కి ఇవ్వలేమంటారు. అందుకే హోటల్ దగ్గర కట్టే పద్ధతి ఎంచుకోండి. గదిలో ఒకరు ఆ దేశంలోనే ఉండేవారైతే మినహాయింపు రాకపోవచ్చు, అక్కడ ఉద్యోగం చేసే బంధువుతో గది పంచుకునేటప్పుడు గుర్తుంచుకోండి. కార్డు మెషీన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దనండి, ఆ మారకం రేటు ఎప్పుడూ నష్టమే.

8. తిండి

వెజిటేరియన్ అని ఒక్క మాట రాస్తే చాలదు. మాంసం, కోడి, చేప ఏవీ వద్దని విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నె, సిన్ పొయ్యో, సిన్ పెస్కాదో. ఆ పైన కాల్దో, అంటే ఎముకల నీళ్లు, కూడా వద్దనాలి. కీన్వా సూప్ చూడటానికి శాకాహారమే అయినా అందులో కోడి కాల్దో పోస్తుంటారు. అర్జెంటీనాలో కజ్జికాయల్లా ఉండే ఎంపనాదాల్లో లోపల చీజే ఉన్నా, పై పిండిలో పశువుల కొవ్వు కలపడం మామూలు. గొడ్డు మాంసం తినని వాళ్లు ఇది తప్పక అడగాలి. మారుమూల లాడ్జీలకు సరుకులు రోజూ రావు కాబట్టి రెండు వారాల ముందే చెప్పండి. బియ్యం, పప్పు, బంగాళాదుంప, గుడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. పెరూలో ఆహీ అనే మిరప పచ్చడి అడిగితే మన నాలుకకు కాస్త ఊపిరొస్తుంది. అర్జెంటీనా వంటలో కారం వెతక్కండి. అక్కడ రాత్రి వంటిల్లు ఎనిమిది, ఎనిమిదిన్నర తర్వాతే తెరుస్తారు. చిన్నపిల్లలుంటే ఆరున్నరకే వండిపెడతారా అని మెయిల్‌లోనే తేల్చుకోండి.

9. రద్దు, వీసా, చివరి రాత్రి

వీసాకు హోటల్ బుకింగ్ పత్రాలు అడుగుతారు. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని చవక ధర జోలికి పోకండి. లాడ్జీలు సగం ముందే తీసుకుంటాయి, 30 నుంచి 60 రోజుల ముందు రద్దు చేస్తేనే వెనక్కిస్తాయి. గడువు తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

కుస్కో ప్రాంతంలో ఒక్కోసారి రైళ్లు, రోడ్లు దిగ్బంధం అవుతాయి. పటగోనియాలో గాలులకు విమానాలు ఆలస్యమవుతాయి. కాబట్టి ఆఖరి రాత్రి ఎప్పుడూ పెద్ద విమానం ఎక్కే ఊళ్లోనే పెట్టుకోండి. బ్రెజిల్, పెరూ లాంటి దేశాల నుంచి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవారికి ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. అమెజాన్ లాడ్జీ ఉన్నా లేకున్నా, ప్రయాణానికి పది రోజుల ముందే టీకా అయిపోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.

10. గదిలో మొదటి పది నిమిషాలు

సూట్‌కేసు తెరవకండి. వేడినీళ్ల పంపు తిప్పి రెండు నిమిషాలు చూడండి. హీటరు వేయండి. కిటికీ మూసి వినండి, తర్వాత తెరిచి వినండి. మంచం రెండు మంచాలు కలిపి వేసిందేమో దుప్పటి ఎత్తి చూడండి. తలుపు మీద నంబరు, బుకింగ్ పత్రంలో నంబరు ఒకటేనా? తేడా ఉంటే అప్పుడే కిందికి వెళ్లి చెప్పండి. పదకొండు గదుల హోటల్లో సాయంత్రం నాలుగయ్యేసరికి మిగతావాళ్లంతా వచ్చేస్తారు, ఆ తర్వాత మార్చడానికి వాళ్ల చేతిలో గది ఉండదు. అందుకే వీలైతే మధ్యాహ్నం రెండింటికే చేరుకోండి.